భీమిలి ఒడ్డున అయిదు ఊళ్ళు

హాస్టల్లో కలిసి చదువుకున్న వాళ్ళకు అసలు పేర్లు హాజరు పిలిచినప్పుడు తప్ప గుర్తుకు రావు. మా బృందంలో ఒకరినొకరం ఊరి పేరుతోనే పిలుచుకుంటాము కనుక ఇక్కడా అలాగే రాస్తున్నాను. నంద్యాల, సిరిసిల్ల అబ్బాయిలు. పాలకొల్లు, భీమిలి, ఖమ్మం అమ్మాయిలము, అందులో ఖమ్మం నేను. చివరి సెమిస్టర్ పరీక్షలు ముగిసి, ఉద్యోగాలలో చేరడానికి ఇంకా వ్యవధి ఉన్న వేసవి రోజులలో, భీమిలి వాళ్ళ అమ్మమ్మగారింటికి వెళ్ళి సముద్రం చూసి రావాలన్నది ఎన్నాళ్ళనుంచో వాయిదా పడుతూ వచ్చిన ఆలోచన. పాలకొల్లుకూ సిరిసిల్లకూ మధ్య ఏదో ఉందని మిగిలిన ముగ్గురికీ తెలుసు. ఆ ఇద్దరూ ఆ మాట ఒకరితో ఒకరు అనుకున్నారో లేదో మాత్రం తెలియదు. ల్యాబ్ రికార్డులు ఇచ్చిపుచ్చుకోవడం దగ్గరే ఏడాదిగా ఆగిపోయిన వ్యవహారం అది.

మే 21 – భీమిలి, అమ్మమ్మగారి ఇల్లు

విశాఖకు ఉత్తరంగా, బీచ్ రోడ్డు వెంట పాతిక కిలోమీటర్ల దూరంలో, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉంది భీమునిపట్నం. ఊళ్ళో ఎవరూ అంత పొడుగు పేరు వాడరు. అమ్మమ్మగారిది అరుగున్న పాత పెంకుటిల్లు. మేము గుమ్మం ముందు చెప్పులు విప్పుతూ ఉండగానే ఆవిడ తల లెక్కపెట్టి, మనవరాలి వైపు తిరిగి, "ఇందరు గుంటలొస్తారని ఒక్క ముక్కైనా సెప్పనేదేటే!" అని గదమాయించి, వెంటనే లోపలికి వెళ్ళి ఎసట్లో మరో గిద్దెడు బియ్యం పోశారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, తూర్పు తీరంలో మర పడవలతో చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ ఏర్పాటు. సముద్రం పక్కనే ఉంది కదా, మూడు పూటలా చేపలే అనుకొని వచ్చిన నంద్యాలకు ఈ సంగతి వినగానే ముఖం వాడిపోయింది. కోనెం ముక్క కొనాలంటే ఇప్పుడు బంగారం కొన్నట్టేనని అమ్మమ్మ తేల్చి చెప్పి, ఎండురొయ్యలు వేసిన వంకాయ కూర వడ్డించారు. ఆ కూర రుచికి వాడు కోనెం మాట మళ్ళీ ఎత్తలేదు. భోజనం చివర సువర్ణరేఖ మామిడిపళ్ళు పెట్టారు. పండు చెక్కుల మీద ఎర్రటి నిగారింపు, లోపల పలుచటి రసం, పీచు దాదాపు లేదు. మా వైపు బంగినపల్లి తప్ప పండు కాదనుకునే నేను ఆ అభిప్రాయాన్ని కొంత సవరించుకున్నాను.

సాయంత్రం ఒడ్డుకు వెళ్ళాము. సిరిసిల్ల పుట్టి ఇరవై రెండేళ్ళలో సముద్రం చూడడం అదే మొదలు. అందరమూ వాడేమంటాడోనని వాడి ముఖమే చూస్తున్నాము. చాలాసేపు నిలబడి, "మా మిడ్ మానేరుకు అవతలి కట్ట కనవడ్తది. దీనికి లేదు," అన్నాడు. "అవతల బర్మా ఉందంట, ఈదుకుంటూ వెళ్ళి కట్ట ఉందో లేదో చూసిరా," అంది పాలకొల్లు. వాడు నిజంగానే మోకాళ్ళ దాకా దిగి, మొదటి అలకే కళ్ళజోడు పోగొట్టుకోబోయి, రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వచ్చాడు. ఆమె నవ్వు ఆపుకోవడానికి నా భుజం గిల్లింది.

రాత్రి పడకల ఏర్పాటు అమ్మమ్మ స్వయంగా చేశారు. అబ్బాయిలకు వసారాలో చాపలు, అమ్మాయిలకు లోపలి గదిలో మంచాలు, రెంటికీ మధ్య గుమ్మానికి అడ్డంగా ఆవిడ నులకమంచం. నంద్యాల ఆ మంచానికి సరిహద్దు భద్రతా దళం అని పేరు పెట్టాడు. ఆవిడకు వినిపించినట్టే ఉంది. ఏమీ అనలేదు.

మే 22 – తెల్లవారిన ఒడ్డు, సాయంత్రం సమాధులు

ప్రేమికులు ఒకరినొకరు ఆనుకొని సముద్రంలోకి దిగిపోయే సూర్యుణ్ణి చూడడమన్న దృశ్యం పడమటి తీరానికి చెల్లుతుంది గాని మన తీరానికి చెల్లదు. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి వచ్చేవాడే గాని సముద్రంలోకి పోయేవాడు కాదు. మే నెలాఖరులో అయిదున్నరకు ముందే పైకి వస్తాడు. భీమిలిలో ప్రేమించదలచుకున్న వాళ్ళు అయిదింటికి లేవక తప్పదు. పాలకొల్లు లేచింది. సిరిసిల్ల అంతకుముందే లేచి అరుగు మీద కూర్చున్నాడు. వాళ్ళిద్దరినే పంపితే బాగుండదని నన్నూ లేపారు. సెలవులు ముగిసే దాకా నా ఉద్యోగం అదేనని నాకు అప్పుడే అర్థమైంది.

మర పడవలన్నీ ఒడ్డున వరుసగా బోర్లించి, తాటాకులు కప్పి ఉన్నాయి. నిషేధం మోటారు లేని తెప్పలకు వర్తించదు కనుక రెండు తెప్పల వాళ్ళు పెద్ద వల సముద్రంలో వేసి, రెండు చివరల తాళ్ళనూ ఒడ్డు నుంచి లాగుతున్నారు. ఇటు పదిహేను మంది, అటు పదిహేను మంది, ఆడా మగా అందరూ ఉన్నారు. చూస్తూ నిలబడితే, "సూస్తే సేపలు రావమ్మా, ఒక సెయ్యెయ్యండి," అన్నాడొకాయన. ముగ్గురమూ తాడు పట్టాము. తడిసిన తాడు ఇసుకతో కలిసి అరచేతిని గీరేస్తుంది. అడుగు వెనక్కి వేసే లయ దొరికే దాకా మేము సాయం కన్నా అడ్డమే అయ్యాము. అరగంటకు వల ఒడ్డుకు వచ్చింది. కవళ్ళు, నెత్తళ్ళు, నాలుగు పీతలు, ఒక ప్లాస్టిక్ చెప్పు. అంతమంది శ్రమకు అది చాలా తక్కువని మాకే అనిపించింది. వాళ్ళు మాత్రం వేసవిలో ఇంతేనన్నట్టు అక్కడికక్కడే వాటాలు పంచుకున్నారు. బుట్టలోకి ఎత్తుకున్న ఒకావిడ దగ్గర కవళ్ళు బేరమాడితే, "బోణీ బేరం తల్లీ, కాదనకు," అని నూట యాభైకి ఇచ్చి, అడగకుండానే రెండు గుప్పిళ్ళ నెత్తళ్ళు పైన వేసింది.

ఆ పక్కనే ఒక ముసలాయన కాళ్ళు చాపుకొని చిరిగిన వల బాగుచేస్తున్నాడు. వల కొసను కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా పట్టి, దారం చుట్టిన ప్లాస్టిక్ సూదితో ఒక్కొక్క కన్నునూ కలుపుకుంటూ పోతున్నాడు. సిరిసిల్ల ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుని కొంతసేపు చూసి, "తాతా, ఒకటి నేను ఎయ్యనా?" అన్నాడు. వాడి తండ్రికి మరమగ్గాలు ఉన్నాయి. తెగిన పోగును అతికి, ముడి కనిపించకుండా చెయ్యడం వాడు బడికి వెళ్ళే వయసుకే నేర్చుకున్నాడు. మొదటి ముడి జారిపోయింది. తాత వాడి వేలు పట్టి, దారాన్ని చిటికెన వేలి కింది నుంచి తిప్పి చూపించాడు. రెండోది నిలిచింది. నాలుగోది వేసేసరికి తాత సూది తిరిగి తీసుకోకుండా చుట్ట వెలిగించుకున్నాడు. కళ్ళజోడు ముక్కు మీదికి జారిపోయి, పెదవి కొరుక్కుంటూ వాడు ముడులు వేస్తూ ఉంటే, పాలకొల్లు చేపల సంచీ కింద పెట్టడం మరిచిపోయి అలాగే నిలబడి చూసింది. సంచీ అడుగు నుంచి నీళ్ళు ఆమె పాదాల మీద కారుతూనే ఉన్నాయి. ప్రేమ ఎప్పుడు మొదలైందని ఎవరైనా అడిగితే వాళ్ళిద్దరూ ఏ జవాబు చెబుతారో నాకు తెలియదు. నన్నడిగితే ఆ నాలుగో ముడి దగ్గరే అంటాను.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మమ్మ చోడి అంబలిలో మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిపాయ పక్కన పెట్టి ఉంచారు. కవళ్ళ పులుసు మధ్యాహ్నానికి. చింతపండు కాస్త ఎక్కువే పడింది. రాత్రికి ఆ పులుసు ఇంకా బాగుంది.

సాయంత్రం డచ్చివారి శ్మశానానికి వెళ్ళాము. 17వ శతాబ్దంలో ఇక్కడ వారికి వర్తక స్థావరం ఉండేది. ఆ కాలపు సమాధులు కొన్ని గోపురాల లాగా, కొన్ని పలకలుగా ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళు ఇంతదూరం వచ్చింది ముఖ్యంగా మన నేతబట్ట కోసమేనని చెబితే సిరిసిల్ల ఒక సమాధిని కాస్త గౌరవంగా, కాస్త బాకీ ఉన్నవాణ్ణి చూసినట్టుగా చూశాడు. భీమిలిలోనే కాదు, పాలకొల్లులోనూ, మా ఖమ్మం జిల్లా నాగులవంచలోనూ డచ్చివారి స్థావరాలు ఉండేవి. అయిదు ఊళ్ళలో మూడింటికి ఆ చుట్టరికం తేలడంతో నంద్యాల అలిగి, "బట్ట నేసినోళ్ళు ఆ పక్క, అమ్మినోళ్ళు ఈ పక్క. మధ్యలో మేమేం జేసినామప్పా?" అన్నాడు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు ఇది. అంత పాత పట్టణమైనా ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడానికి ఊళ్ళో చోటు లేదు. గోడ నీడన కూర్చున్న ఇద్దరు ముగ్గురు జంటలు మమ్మల్ని చూసి సర్దుకుని లేచిపోయారు. గుంపుగా వచ్చిన మేము వాళ్ళకు పెద్దమనుషుల్లాగా కనిపించి ఉంటాము.

మే 23 – తొట్లకొండ

సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తున రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ ఆరామం. 1976లో నౌకాదళం వాళ్ళు సర్వే చేస్తూ ఉండగా బయటపడింది. స్తూపం పీఠం, భిక్షువుల గదుల పునాదులు, వానకాలపు నీళ్ళు పట్టి ఉంచడానికి రాతిలో తొలిచిన తొట్లు, వాటి మీదుగా చూస్తే కింద నీలంగా తీరం. ఎండ తీవ్రతకు పది నిమిషాలకు మించి ఎక్కడా నిలబడలేకపోయాము. సంసారం వదిలిన వాళ్ళు కట్టుకున్న ఈ చోట ఇప్పుడు పునాదికొక జంట చొప్పున కూర్చుని ఉంటే, కాపలాదారు దూరం నుంచి ఈల వేసి వాళ్ళను కాస్త ఎడంగా జరుపుతున్నాడు.

ఒక చెట్టు నీడన పాలకొల్లును సూటిగా అడిగాను. "నాకు ఇష్టమేనే. కానీ వాడు అడగాలి కదా? నేనే అడిగి, వాడు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంటే ఆ తరవాత నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అంది. ఇళ్ళలో ఒప్పుకుంటారా అన్న ప్రశ్న నేను అడగలేదు, ఆమే ఎత్తింది. కులాలు వేరు. ఇప్పటికీ మన పెద్దవాళ్ళలో కొందరికి రాష్ట్రాలు వేరన్నది కూడా ఒక అభ్యంతరం. వాళ్ళ నాన్నగారు మెత్తని మనిషే గాని, మెత్తని మనుషులు మౌనంగా ఉండి గెలుస్తారని ఆమె భయం. ఈ లెక్కలన్నీ అడగని ప్రశ్నకు జవాబులేనని నాకు విసుగు వచ్చింది. వెనక్కి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన తాటి ముంజలు డజను ఎనభైకి కొన్నాము. గోరు దింపితే చిమ్మే నీళ్ళు వృథా చెయ్యకుండా తినడంలో గోదావరి పిల్లతో పోటీ పడలేమని అందరమూ ఒప్పుకున్నాము.

మే 24 – ఎర్రమట్టి దిబ్బలు

భీమిలికి ఈవల, రోడ్డు దిగి కొంచెం నడిస్తే చాలు, లోకం రంగు మారిపోతుంది. సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక, వేల ఏళ్ళలో ఇనుము తుప్పు పట్టి ఎర్రబడి, వాన నీళ్ళు కోసిన కోతలకు ఇరుకైన గండ్లుగా, నిట్టనిలువు గోడలుగా మారింది. 2014లో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. ఇలాంటి ఎర్ర ఇసుక తమిళనాడులోనూ శ్రీలంకలోనూ కొద్ది చోట్ల మాత్రమే ఉంది. గోడను చేత్తో ఆనుకుంటే చాలు, పొడిగా రాలిపోతుంది. అయినా వాటి మీద పేర్లు చెక్కి, చుట్టూ గుండె బొమ్మ గీసిన వాళ్ళున్నారు. పై వాన దాకా కూడా నిలవని చోట పేరు చెక్కుకునే ప్రేమ మీద నాకు గౌరవం లేదు.

గండ్లలో దారి తప్పడం చాలా తేలిక. ప్రతి మలుపూ వెనకటి మలుపు లాగానే ఉంటుంది, ఫోనుకు సిగ్నల్ అందదు. ఒక చీలిక దగ్గర నంద్యాల ఎడమ అన్నాడు, సిరిసిల్ల కుడి అన్నాడు. పాలకొల్లు ఒక్క క్షణం ఆగి కుడి వైపు వెళ్ళింది. భీమిలి వాళ్ళను పిలవబోతే నేను ఆమె చెయ్యి నొక్కాను. మేము ముగ్గురమూ ఎడమ దారిన పది నిమిషాలలో పైకి తేలి, జీడిమామిడి చెట్ల కింద కూర్చుని గంటసేపు కాచుకున్నాము. రాలిన జీడిపళ్ళు ఉప్పు లేకుండా తింటే గొంతు పట్టేస్తుందని భీమిలి హెచ్చరించినా నంద్యాల వినలేదు. వాడు మాట్లాడలేని ఆ కాసేపూ చాలా ప్రశాంతంగా గడిచింది.

వాళ్ళు పూర్తిగా వేరే దిక్కు నుంచి, సరుగుడు తోటలోంచి వచ్చారు. మోచేతుల మీద ముళ్ళ గీతలు, కాళ్ళకు ఎర్ర దుమ్ము. ఎవరూ ఏమీ అడగలేదు, వాళ్ళూ ఏమీ చెప్పలేదు.

ఇంట్లో మాత్రం అమ్మమ్మ సిరిసిల్ల గంధం రంగు చొక్కా మీది మరకను గుమ్మంలోనే పట్టుకున్నారు. "జీడిపండు రసం అది. ఎన్నిసార్లుతికినా పోదు బాబూ," అని చెప్పి, కాస్త ఆగి, పాలకొల్లు వైపు తిరిగారు. "నువ్వూ తిన్నావేటమ్మా?"

"సగం," అంది పాలకొల్లు. అన్న తరవాత గాని ఆ మాటలో ఏముందో ఆమెకు తట్టలేదు. అమ్మమ్మ "ఊఁ" అని మాత్రం అని, లోపలికి వెళ్ళి పనస తొనల పళ్ళెం తెచ్చారు. ఆ రాత్రి నులకమంచం గుమ్మానికి అడ్డంగానే ఉంది. ఆవిడ ఆ విషయంలో ఏ సడలింపూ ఇవ్వలేదు. కానీ మేము దీపం తీశాక, "గుంటడు మంచోడిలాగే ఉన్నాడు. ఏటి సదువుకున్నాడే?" అని మనవరాలిని మెల్లగా అడగడం అందరమూ విన్నాము. మా అందరిదీ ఒకటే చదువని ఆవిడకు తెలియక కాదు.

జరిగినదేమిటో పాలకొల్లు నాకు చీకట్లో చెప్పింది. ఆమెకు చెన్నైలో ఒకటి, హైదరాబాదులో ఒకటి ఉద్యోగాలు వచ్చాయి. వాడిది హైదరాబాదు. సగం పండు చేతిలో పెట్టి, "నువ్వు చెన్నై పోతే నాకు మంచిగనిపియ్యదు," అన్నాడట. అంతే. పువ్వు లేదు, మోకాలి మీద కూర్చోవడం లేదు. "నువ్వేమన్నావే?" అంటే, "జీతం అక్కడే ఎక్కువరా, ఆలోచించాలి అన్నాను," అంది. ఆ తరవాత చాలాసేపు నిద్రపోలేదు, నన్నూ పోనివ్వలేదు.

మే 25 – విశాఖ, ఆర్కే బీచ్

ఆ రోజు రోహిణీ కార్తె ప్రవేశించింది. రోళ్ళు పగిలే ఎండ అన్న మాటను అమ్మమ్మ పొద్దున్నే గుర్తుచేసి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క ఉల్లిపాయ పెట్టి పంపించారు. మధ్యాహ్నమంతా నీడ కోసం కురుసుర జలాంతర్గామి మ్యూజియంలో గడిపాము. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, ఒడ్డుకెక్కి మ్యూజియంగా మారిన నౌక అది. పొడుగు 91 మీటర్లున్నా లోపల ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అతుక్కోవాలి. గుండ్రటి తలుపుల్లో దూరేటప్పుడు సిరిసిల్ల ప్రతి తలుపుకూ తల కొట్టుకున్నాడు. ప్రతిసారీ పాలకొల్లు "ఆయ్, చూసుకో" అంది. ప్రతిసారీ దెబ్బ తగిలాకే అంది.

చీకటి పడే వేళకు తీరమంతా జనం. నిప్పుల మీద మొక్కజొన్న పొత్తులు, మిరపకాయ బజ్జీలు, బెలూన్లు పేల్చే తుపాకులు, గుర్రాలు. మేము ముగ్గురమూ మురీ మిక్స్చర్ కోసం వెళ్ళాము. పొట్లం ముప్ఫయి. మరమరాల్లో ఉల్లి, టమాటా, వేరుశెనగ, నిమ్మరసం కలిపి గరిటెతో డబ్బాను లయగా కొడుతూ ఉంటే ఆ చప్పుడుకే సగం మంది ఆగుతారు. వెనక్కి వచ్చేసరికి గట్టు మీద కూర్చున్న వాళ్ళిద్దరి ముందూ గస్తీ తిరిగే ఒకాయన లాఠీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏ ఊరు, ఏం చదువుతున్నారు, ఆధార్ చూపించండి, ఇంటికి ఫోన్ చేద్దామా. ఇద్దరి మధ్యా ఒక వాటర్ బాటిల్ పట్టేంత ఎడం ఉంది. ఓటు హక్కు వచ్చి నాలుగేళ్ళయిన వాళ్ళు గట్టు మీద కూర్చోవడానికి ఎవరి అనుమతి కావాలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. సిరిసిల్ల కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. మాట్లాడింది పాలకొల్లు: "మా నాన్న నంబరు ఇస్తాను, చెయ్యండి సార్. నేనిక్కడ ఉన్నానని ఆయనకు తెలుసు." గొంతు వణికింది గాని మాట ఆగలేదు.

బజ్జీల బండి దగ్గరి ఆవిడ మూకుట్లోంచి తల ఎత్తకుండానే, "ఆల్లు నా బేరం గుంటలు బాబూ. అయిదుగురొచ్చినారు, ముగ్గురు మురీకెల్లినారు. నువ్వు తప్పుకో, గిరాకీ పోతాది," అంది. మేము అప్పటికి ఆవిడ దగ్గర ఏమీ కొనలేదు. ఆయన వెళ్ళిపోయాక రెండు ప్లేట్ల బజ్జీలు చెప్పాము, తరవాత మరో రెండు. మిరపకాయ చీల్చి, వాము కూరి, వేయించాక ఉల్లిపాయ ముక్కలు నింపి నిమ్మకాయ పిండి ఇచ్చింది. డబ్బులు తీసుకుంటూ పాలకొల్లుతో, "గోరంగా బయపడతాడేటే ఈడు?" అంది. "భయం కాదండి, కళ్ళజోడు మసకేసింది," అని పాలకొల్లు వాడి పక్షాన అబద్ధం చెప్పడం నేను మొదటిసారి విన్నాను.

మే 26 – తిరుగు రైలు

అమ్మమ్మ అందరికీ సమానంగా ఎండురొయ్యల పొట్లాలు కట్టి ఇచ్చారు. సిరిసిల్లకు మాత్రం ఒక తువ్వాలు అదనం. సముద్రపు గాలికి చెమట ఎక్కువ పడుతుందట, రైలెక్కేవాడికి ఆ గాలితో పనేమిటో ఎవరూ అడగలేదు. రైలు కదిలాక నంద్యాల నోటు పుస్తకం తీసి ఖర్చుల లెక్క రాయడం మొదలుపెట్టాడు. ఆటోలు, ముంజలు, టిక్కెట్లు, బజ్జీలు, కవళ్ళు. నాలుగు వరుసలే గీశాడు. చివరి వరుసలో రెండు ఊళ్ళ పేర్లూ కలిపి రాసి, మాకు చూపించి నవ్వాడు. సిరిసిల్ల సంతోషంగానే ఉన్నాడు. పాలకొల్లు పుస్తకం లాక్కుంది.

"కలిపి రాసుకోవడానికి ఇంకా చాలా టైముంది. నేను ఏ ఊళ్ళో చేరతానో నేనింకా చెప్పలేదు. నా లెక్క నాకు వేరే రాయరా. ముంజలు అందరికంటే నేనే ఎక్కువ తిన్నాను, అదీ రాయి."

నంద్యాల ఆ పేజీ చింపి, మళ్ళీ అయిదు వరుసలు గీశాడు. ముంజలతో సహా మనిషికి 1,870 రూపాయలు తేలింది. నా వంతు ఇంకా ఇవ్వలేదని నిన్న కూడా మెసేజ్ పెట్టాడు.